తిరుమలమ్మ వణుకు

ఒక లుంగీ గుడ్డను సాక్ష్యంగా పరిచి తిరుమలమ్మను పిచ్చిదని తేల్చేశారు. 1969లో, తిరుత్తణికి రెండు మైళ్ల ఇవతల ఉన్న నేతవీధిలో, వీధిపెద్ద వేలాయుధం ఇంటి అరుగు మీద ఈ పని జరిగింది.

గుడ్డలో తప్పున్న మాట నిజమే. నీలం చారల పక్కన ఎర్ర చారలు రావలసిన చోట రెండూ కలిసిపోయి, ఏ గడికీ పొంతన లేకుండా పోయింది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు నూలు, అయిపోవచ్చినప్పుడు నేతవాళ్లు దాన్ని పూర్తిగా తీసెయ్యరు. మిగిలిన పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. రెండువేల పైచిలుకు పోగులుంటాయి. వేళ్లకు బూడిద రాసుకుని, ఏ పోగుకు ఏ పోగో చూసుకుంటూ పొద్దున కూర్చుంటే సాయంత్రానికి తెమిలే పని. ఆ పనికి వీధిలో తిరుమలమ్మ చేతిని మించిన చెయ్యి లేదు. ఆ లుంగీ పడుగును అతికిన రోజు ఆమెకు జ్వరం తగిలి మూడో రోజు. చేతకాదన్నా వినకుండా కూర్చోబెట్టింది ఆమె మొగుడు వరదనే. ఆ సంగతి అతను అరుగు మీద చెప్పలేదు. అడగాలన్న ఆలోచన పెద్దల్లో ఒక్కరికీ రాలేదు.

వరదన్‌కు కావలసింది కవరైపేట్టైలోని సుందరవల్లి అనే అమ్మాయి. తిరుమలమ్మకు ఎనిమిదేళ్లుగా పిల్లలు లేరు కాబట్టి రెండో పెళ్లికి వీధి అడ్డు చెప్పేది కాదు. అడ్డు చెప్పింది తిరుమలమ్మ తమ్ముడు కేశవన్. కోర్టుకు పోతానన్నాడు. పెళ్లాం పిచ్చిదైతే కోర్టు కూడా ఏమీ అనదని వరదన్‌కు ఎవరో చెప్పారు. అందుకని లుంగీ గుడ్డ అరుగెక్కింది. "మనసు కుదురు లేని మనిషి" అని కాగితం రాయించి వేలాయుధం కింద సంతకం పెట్టాడు. పిచ్చి అని రాయలేదని, మర్యాదగానే రాశామని తర్వాత కొన్నేళ్లు చెప్పుకున్నాడు. పెద్దమనుషుల మర్యాద అంత గొప్పది మరి, గంధం పూసిన కత్తితోగాని పొడవరు.

వరదన్ సుందరవల్లిని చేసుకుని కవరైపేట్టైకి వెళ్లిపోయాడు. తిరుమలమ్మ ఒక ట్రంకుపెట్టెతో కేశవన్ ఇంటికి వచ్చింది. వచ్చాక నిద్రపోవడం మానేసింది. వీధిలో ఎవరైనా గట్టిగా నవ్వితే తనను గురించేనేమోనని గుండె దడదడలాడేది. తిన్నది ఒంటబట్టేది కాదు. ఆరు నెలలు చూసి కేశవన్ ఆమెను రైలెక్కించి తిరువళ్లూరులో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు నాడి చూసి, పది రోజులకని పసుపుపచ్చ మాత్రలు రాసిచ్చాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నాలుగో రోజుకే కంటి మీదికి కునుకు వచ్చింది. పది రోజులు దాటి మళ్లీ పోతే డాక్టరు లేడు. కాంపౌండరు కిటికీలోంచి నెలకు సరిపడా పొట్లం ఇచ్చాడు. అప్పటినుంచి ఆరేళ్లు ఆ కిటికీనే ఆమెకు డాక్టరు. ఒకసారి, ఇక మానొచ్చా అని అడిగింది. బాగున్నావు కదమ్మా, మానడమెందుకన్నాడు కాంపౌండరు. చెడ్డవాడేమీ కాదు. అడిగిన వాళ్లందరికీ అడిగినదల్లా ఇచ్చే మంచివాడు.

ఆ ఆరేళ్లూ తిరుమలమ్మ బాగానే ఉంది. ఏడవలేదు, నవ్వలేదు. ఇంట్లో మగ్గం చప్పుడు పక్క వీధిలోంచి వస్తున్నట్టు వినబడేది. చేతులు మాత్రం తప్పు చెయ్యలేదు. వీధిలోని మగ్గాలకన్నిటికీ మళ్లీ ఆమే పడుగులు అతికింది. కాగితం మీద పిచ్చిదే, పడుగు దగ్గర మాత్రం ఆమె లేనిదే ఎవరికీ జరగదు.

1976లో కేశవన్‌కు పచ్చకామెర్లు వచ్చి, ఇక దక్కడనుకున్నవాడు దక్కాడు. ఆడి నెలలో వచ్చే కృత్తిక పండుగకు తిరుత్తణి కొండ గుడికి పూలకావడి ఎత్తుతానని తిరుమలమ్మ మొక్కుకుంది. పండుగ తొమ్మిది రోజులుందనగా పూజారి పచ్చయ్యప్ప ఆమె చేతికి పసుపుదారం కట్టి నియమాలు చెప్పాడు. ఒక్కపూట తిండి, నేల మీద పడక, మత్తు పదార్థం ఏదీ ముట్టకూడదు. ఆఖరి నియమం కల్లూ సారా తాగే మగవాళ్ల కోసం పెట్టింది. తిరుమలమ్మ దాని గురించి ఆలోచించింది. తను మింగే మాత్ర మత్తుగానే ఉంటుంది కదా అని పూజారినే అడిగింది.

"మత్తిచ్చేది యేదైనా మత్తే గదమ్మా. సామి కాడ కొలతలుంటాయా?" అన్నాడు పచ్చయ్యప్ప.

ఆ సాయంత్రం మాత్ర వేసుకోలేదు. పొట్లాన్ని తీసుకుపోయి పెరటి పొయ్యిలో వేసింది.

మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజుకు నిద్ర దూరమైంది. ఐదో రోజున మరదలు కుప్పమ్మ ఇత్తడి చెంబు నేల మీద పెడితే ఆ చప్పుడు చెవిలో కొట్టినట్టయింది. ఎండ చూడలేకపోయింది. ఒంటి మీద ఎవరో తడినూలు లాగుతున్నట్టు ఉండేది, చూస్తే ఏమీ ఉండదు. నాలుక మీద ఇనుము నాకిన రుచి. కూర్చుంటే నేల ఒక పక్కకు ఒరుగుతున్నట్టుండేది. చన్నీళ్లు పోసుకుని వచ్చిన పది నిమిషాలకే చెమటతో రవికె తడిసిపోయేది. వీటన్నిటికంటే, వేళ్లు వణికాయి.

ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. వేలాయుధం పెట్టెలో ఆ కాగితం ఇంకా ఉంది. ఏడేళ్లు అబద్ధంగా పడి ఉన్న కాగితం ఇప్పుడు నిజమైపోతుంది. అసలు ముందునుంచీ అదే నిజమేమో, వాళ్లకు ముందే కనబడింది తనకు ఇప్పుడు కనబడుతోందేమో అని కూడా అనుకుంది. చేతుల్ని పైటచెంగులో చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. ఉపవాసం వల్ల నీరసమని కుప్పమ్మ అనుకుంది.

కృత్తికనాడు పొద్దున వీధిలో కావళ్లు లేచాయి. పంబలు మోగాయి. ఆ మోత తిరుమలమ్మ ఎముకల్లోకి దిగింది. భుజం మీద కావడితో నాలుగు ఇళ్లు దాటిందో లేదో కాళ్ల నుంచి వణుకు బయలుదేరింది. దవడలు కొట్టుకున్నాయి. కావడి పూలు జలజలా రాలాయి. ఆమె మోకాళ్ల మీద కూలబడింది.

వీధి వీధంతా "అరోహరా" అంది.

ఎవరో ముఖాన విభూతి పూశారు, నోట్లో నిమ్మకాయ పెట్టారు. ఆడవాళ్లు కాళ్లకు పసుపునీళ్లు పోశారు. పిచ్చి అంటారని నాలుగైదు రోజులుగా దాచుకున్న వణుకును వీధి నడిబజారులో స్వామి అని మొక్కింది. గుంపును తోసుకుంటూ ముందుకు వచ్చి ఆమె కాళ్ల మీద అడ్డంగా పడ్డవాడు వేలాయుధం. పవర్‌లూమ్ పెడదామని ఏడాదిగా ఊగిసలాడుతున్నాడు. పెట్టమంటావా, వద్దంటావా, ఒక వాక్కు చెప్పు తల్లీ అని అడిగాడు.

ఆ క్షణంలో తిరుమలమ్మ ఏం చెప్పినా చెల్లేది. ఆ కాగితం చించి నోట్లో వేసుకొమ్మంటే వేసుకునేవాడు. ఆమెకు అవేవీ తోచలేదు. నోరు ఎండిపోయి ఉంది. నిమ్మకాయ ఉమ్మేసి, "నీళ్లు" అంది.

వేలాయుధం నెల తిరక్కుండా పెరట్లో బావి తవ్వించాడు. ఇరవై అడుగుల్లో నీళ్లు పడ్డాయి. ఆ వీధిలో ఎవరు ఎక్కడ తవ్వినా ఇరవై అడుగుల్లోనే పడతాయి. అయినా స్వామి వాక్కు ఫలించిందని కనకమ్మసత్రం ఊరి దాకా మాట పాకింది. శుక్రవారం వచ్చేసరికి కేశవన్ ఇంటి ముందు జనం. తమలపాకులు, అరటిపండ్లు, కొబ్బరికాయలు. కుప్పమ్మ ముఖం వెలిగిపోయింది. ఆడబిడ్డను పెట్టుకున్నందుకు వీధిలో ఏడేళ్లుగా సన్నసన్నగా మాటలు పడ్డ మనిషి ఆమె. ఇప్పుడు అదే వీధి చెప్పులు గడప బయట విడిచి వస్తోంది.

చేతి దారం విప్పాక కూడా వణుకు తగ్గలేదు. కేశవన్ మగ్గం మీద పడుగు అయిపోయింది. కొత్త పడుగు అతకడానికి తిరుమలమ్మ కూర్చుంది. మొదటి పోగు దొరకలేదు. రెండోది తెగింది. పదో పోగుకు కేశవన్ మెల్లగా, లే అక్కా, మునియమ్మను పిలుస్తానన్నాడు. ఎదురింటి మునియమ్మ వచ్చి అతుకుతుంటే తిరుమలమ్మ గుంజకు ఆనుకుని రోజంతా చూస్తూ కూర్చుంది. స్వామి వచ్చినవాళ్లు పని చెయ్యకూడదులే అని మునియమ్మ ఓదార్చింది. ఆ ఓదార్పు పిచ్చి అన్న మాట కంటే లోతుగా దిగింది. పిచ్చిదానికి కూడా వీధి పని ఇచ్చింది. స్వామికి ఇవ్వదట.

మూడో వారంలో చీర కోసం ట్రంకుపెట్టె అడుగు వెతికితే మడతల్లో ఒక పాత పసుపు మాత్ర దొరికింది. మొక్కు ఎలాగూ తీరిపోయింది కదా అని వేసుకుంది. గంట గడిచింది. దవడలు నిలిచాయి. చేతులు చాచి చూసుకుంది. వేళ్లు చాలావరకు కుదురుగా ఉన్నాయి. ఆమె అక్కడే కూర్చుని లెక్కగా ఆలోచించింది. స్వామి అయితే మాత్రకు లొంగడు. పిచ్చి అయితే ఆరేళ్లు ఎక్కడ దాక్కుంది? మాత్ర విడిస్తే వచ్చింది, మాత్ర వేస్తే పోయింది. అయితే ఇది మాత్రదే.

మర్నాడు తనంతట తాను నడుచుకుంటూ తిరుత్తణికి పోయి బజారులో దండపాణి మందుల అంగడి ముందు నిలబడింది. దండపాణి పట్టాళంలో ఇరవై ఏళ్లు కాంపౌండరుగా పనిచేసి వచ్చినవాడు, మాట కరుకు. ఆమె పేరు చెప్పగానే, బావి తవ్వించిన సామివి నువ్వేనా అన్నాడు. ఆమె నవ్వలేదు. లుంగీ గుడ్డ నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది.

"ఆరేండ్లు మింగి ఒకపూటలో నిలిపినావా? పట్టాళంలో ఇట్ల నిలిపి మూర్ఛ వచ్చి పడినోళ్లను చూసినా. నీ అదృష్టం, వణుకుతో పోయినాది," అన్నాడు చివరికి. "నీకు పిచ్చీ లేదు, గిచ్చీ లేదు. ఒళ్లు ఆ మందుకు అలవాటు పడింది, అంతే. దాన్ని ఎట్ల ఎక్కించినామో అట్లే దించల్ల."

ఆ మాట వినడానికి తిరుమలమ్మ ఏడేళ్లు ఆగింది. చెప్పినవాడికి ఆ సంగతి తెలియదు, త్రాసు తుడుచుకుంటున్నాడు. అతనే ఆమెను పక్క సందులోని డాక్టరు దగ్గరికి పంపాడు. ఆ డాక్టరు ఈసారి ముఖం చూసి మాట్లాడాడు. మళ్లీ రోజుకు రెండు మాత్రలు మొదలుపెట్టి, వణుకు కుదిరాక పావు పావుగా తగ్గించుకుంటూ రమ్మన్నాడు. పావుకీ పావుకీ మధ్య రెండు వారాలకు తగ్గకూడదు, కష్టమైతే అక్కడే ఆగాలి, వెనక్కి మాత్రం పోకూడదు, నెలకొకసారి వచ్చి కనబడాలి అన్నాడు.

మాత్ర మళ్లీ వేసుకున్న వారానికి వణుకు కుదిరింది. శుక్రవారం జనం వచ్చారు. పంబ కూడా తెచ్చారు. ఎంత వాయించినా స్వామి రాలేదు. ఏం తప్పు జరిగిందోనని ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. వేలాయుధం ముందు వరసలో చేతులు కట్టుకుని నిలబడి, సామి ఎందుకు అలిగినాడమ్మా అని అడిగాడు. తిరుమలమ్మ చాప మీదినుంచి లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"అలగలా మామా. రానేలేదు. నేను నిద్రమాత్రలు మింగేదాన్ని, మొక్కు కోసరం నిలిపినా. అవి నిలిపినందుకు వచ్చిన వణుకు అది. సామి కాదు."

వేలాయుధం కట్టుకున్న చేతులు విప్పాడు.

"మరి నీళ్లన్నావే?" అన్నాడు వేలాయుధం.

"దప్పిక మామా."

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. వేలాయుధం మాత్రం నమ్మలేదు. నువ్వు చెప్పకుంటే సామే చెప్పినాడు, నీకు తెలీదులే అని బావి గౌరవం కాపాడుకుంటూ వెళ్లిపోయాడు. మిగతావాళ్లు అరటిపండ్లు పళ్లెంతో సహా తీసుకుపోయారు. పోతూ పోతూ వీధి మలుపులోనే పాత మాట ఎత్తుకున్నారు. సామిని వద్దనే మనిషికి మనసు కుదురుగా ఉంటుందా అని ఒకరు అంటే, కాగితంలో ఊరికే రాశారా అని ఇంకొకరు.

ఆ రోజు కుప్పమ్మ పొయ్యి వెలిగించలేదు. సామి అంటే నీకేం పోయింది వదినా, నోరు మూసుకుని కూర్చుంటే చాలు గదా, ఇప్పుడు మళ్లీ నేను ఎవరి ముఖం చూడాల అని కళ్లొత్తుకుంది. తిరుమలమ్మ లేచి తనే పొయ్యి ముట్టించింది. అన్నం దించాక మెల్లగా, పడుగులు అతకల్ల కుప్పమ్మా, సామి చేతులతో అతకలేను అంది. కుప్పమ్మకు అది అర్థమైందో లేదో. పెరుగు మాత్రం తెచ్చి ముందు పెట్టింది.

తేదీల లెక్క తిరుమలమ్మకు కుదరలేదు. కేశవన్ మగ్గం మీద ఒక పడుగు రెండు వారాల పైన పడుతుంది. అందుకని పడుగే లెక్క అయింది. ఇంట్లో కొత్త పడుగు అతికిన రోజున మాత్రలో ఒక పావు తగ్గించాలి. పోగు తెంచే బ్లేడుతో కేశవనే మాత్రను కోసేవాడు. ముక్కలు చిన్నవీ పెద్దవీ అయితే, నేత తప్పినాదక్కా, దీన్ని సొసైటీలో తీసుకోరు అనేవాడు. మొదటి రెండు పడుగులు మునియమ్మే అతికింది. మూడోదానికి తిరుమలమ్మ ఒక కొసన, మునియమ్మ ఇంకో కొసన కూర్చున్నారు. సాయంత్రానికి మునియమ్మ మధ్య దాటి వచ్చింది, తిరుమలమ్మ మూడువందల పోగుల దగ్గరే ఉంది. మునియమ్మ ఆ సంగతి బయట చెప్పలేదు. ఆ వీధిలో చెప్పకుండా ఉన్న సంగతి బహుశా అదొక్కటే.

ప్రతి పావుకూ మొదటి నాలుగు రోజులు కష్టంగా ఉండేవి. గుండె దడ, చెమట, చెవుల్లో మోత. వీధి చప్పుడు భరించలేకపోతే చెవుల్లో దూది పెట్టుకుని నూలు కండెలు చుట్టేది. ఐదో రోజుకు కొంచెం నయమయ్యేది. ఒక నెల అంతా బాగుండి, మరుసటి నెల ఏ కారణమూ లేకుండా పాతాళంలోకి జారేది. కార్తీకంలో నూలు రాక మగ్గం నెలన్నర నిలిచిపోయింది. పడుగు లేదు కాబట్టి పావూ లేదు. ఒక మాత్ర దగ్గరే ఆగింది. వీధంతా నూలు కోసం ఎదురుచూస్తుంటే ఆమె కూడా ఎదురుచూసింది, మిగతావాళ్లకు తెలియని ఇంకో కారణంతో.

సంక్రాంతి దాటాక ఒకనాడు నీళ్లకు పోతూ వేలాయుధం పెరటివైపు చూసింది. బావి గట్టుకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పచ్చయ్యప్ప చేత హారతి ఇప్పిస్తున్నారు. తిరుమలమ్మకు నవ్వు వచ్చింది. బిందె కింద పెట్టి, కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. తర్వాత ఆ నీళ్లు ఆగలేదు. లుంగీ గుడ్డకూ, జ్వరానికీ, అరుగు మీద తల వంచుకుని నిలబడ్డ తనకూ ఏడేళ్ల ఏడుపు అక్కడే ఏడ్చింది. ఇంటికి వస్తే మగ్గం చప్పుడు పక్క వీధిలోంచి కాదు, పక్క గదిలోంచే వినబడింది.

ఆఖరి పావు అన్నిటికంటే సతాయించింది. దాన్ని మళ్లీ రెండు చేసుకుంది, ఆ సగాన్ని గీకి గీకి పొడిగా నాలుక మీద వేసుకుంది. వైశాఖంలో ఒక పడుగు అతికి, ఆ రోజు ఏమీ వేసుకోలేదు. ఆ పడుగులో రెండువేల నూట అరవై పోగులు. నీలం, ఎరుపు, తెలుపు. ఒక్కటి తప్పలేదు. నిద్ర సరిగా పట్టడానికి ఇంకో ఏడాది పట్టింది. చేతులు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ వణకలేదు.

వీధి ఆమెను మళ్లీ పడుగులకు పిలిచింది. కాగితాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తప్పయిందని ఎవరూ అనలేదు. అలాంటివి ఆ వీధిలో ఆనవాయితీ లేదు.

వరదన్‌ను ఆమె మళ్లీ చూసింది 1983లో. పడుగు పనికి కనకమ్మసత్రం పోయి, రోడ్డు కూడలిలో తిరుత్తణి బస్సు కోసం నిలబడి ఉంది. ఎదురుగా తిరువళ్లూరు బస్సు కోసం వరదన్ నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. పక్కన రాయి మీద ఒక ఆడమనిషి పైటచెంగులో చేతులు చుట్టుకుని కూర్చుంది. ఆ చుట్టుకోవడం చూసి తిరుమలమ్మ రోడ్డు దాటింది.

సుందరవల్లిని ఆమె చూడడం అదే మొదలు. చెంగులో చేతులు కదులుతున్నాయి, నుదుటి మీద చెమట. వరదన్ కాసేపు తడబడి, తర్వాత ఎవరికైనా చెప్పుకుంటే చాలన్నట్టు చెప్పుకొచ్చాడు. రెండో బిడ్డ పోయాక నిద్ర లేదని మూడేళ్లుగా మాత్రలు మింగుతోంది. ఎన్నాళ్లు మింగుతావని వారం కిందట తనే లాక్కుని పారేశాడు. అప్పటినుంచీ ఇట్లా ఉంది. ఇంటి చుట్టుపక్కల ఏవేవో అంటున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

తిరుమలమ్మ సుందరవల్లి పక్కన రాయి మీద కూర్చుని, చెంగులోంచి ఆమె రెండు చేతులూ తీసి తన చేతుల్లో పెట్టుకుంది. డాక్టరుకు అన్నీ చెప్పి మళ్లీ మొదలుపెట్టమని, కుదిరాక పావు పావుగా దించుకొమ్మని, తనకు తొమ్మిది నెలలు పట్టిందని, కొన్ని రోజులు చాలా చెడ్డగా ఉంటాయని, అవి పోతాయని చెప్పింది. సుందరవల్లి ఆ కుదురైన వేళ్లను చూస్తూ విన్నది.

తిరువళ్లూరు బస్సు వచ్చింది. సుందరవల్లిని లేపి మెట్టెక్కించి, తిరుమలమ్మ వరదన్ వైపు తిరిగింది. పద్నాలుగేళ్లలో అతనితో అన్న మాటలు ఇవే, ఆఖరివీ ఇవే.

"ఈ పిల్లకు ఏమైందని అడిగినోళ్లకు, మందు విడుస్తా ఉందని చెప్పండి. అంతకు మించి ఒక్క మాట చెప్పొద్దండి."